ఏసీఎస్ లెటర్ వచ్చింది, అనుభవంలో నాలుగేళ్లు కోసేశారు. ఈఓఐలో (వీసాకి ముందు పెట్టే ఆసక్తి దరఖాస్తులో) ఏం వెయ్యాలి?

నల్లకుంట_నేస్తం
ఆస్ట్రేలియా వీసా కోసం ఏసీఎస్ (ఐటీవాళ్ల చదువు, అనుభవం తూచే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ) రిజల్ట్ మార్చి 10, 2025న వచ్చింది. సూటబుల్ అనే ఉంది గానీ లెక్క అంతుపట్టట్లేదు. బీటెక్ ఈసీఈ, మే 2015. మొదటి కంపెనీ 20 జూన్ 2015 నుంచి 30 ఆగస్టు 2019 దాకా, రెండోది 2 సెప్టెంబరు 2019 నుంచి ఇప్పటిదాకా. రెండూ హైదరాబాదే, రెండింట్లోనూ జావా డెవలప్‌మెంటే. నేను పెట్టిన ఉద్యోగం కోడ్ 261313 సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. డిగ్రీ ఏమో కంప్యూటింగ్ మేజర్ ఉన్న ఆస్ట్రేలియా బ్యాచిలర్స్‌తో సమానం అన్నారు. దాని కింద లైన్లో మాత్రం, జూన్ 2019 తర్వాత చేసిన ఉద్యోగమే తగిన స్థాయిలోది, ఈ కోడ్‌కి సంబంధించింది అని రాశారు. మేజర్ అయితే 2 ఏళ్లే కోస్తారు కదా, నాకు 4 ఎందుకు పోయాయి? కన్సల్టెంట్ "ఆ లైను పట్టించుకోకండి సార్, తొమ్మిదిన్నరేళ్లూ వేసేద్దాం, అనుభవానికి 15 వీసా పాయింట్లు" అంటున్నాడు. వెయ్యొచ్చా?

బ్రిస్బేన్_బాబాయ్
వెయ్యకూడదు. కోత సంగతి ముందు చూద్దాం.

మేజర్, మైనర్ అన్నది డిగ్రీలో ఐటీ సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయన్న లెక్క. ఆ ఐటీ సబ్జెక్టులు నువ్వు పెట్టిన కోడ్‌కి దగ్గరివా కాదా అన్నది ఇంకో లెక్క. ఐటీ సబ్జెక్టుల్లో కనీసం 65 శాతం ఆ కోడ్‌కి సరిపోతేనే దగ్గరి డిగ్రీ అంటారు. మేజర్ అయ్యి, దగ్గరిదీ అయితే, గత పదేళ్లలో 2 ఏళ్ల ఉద్యోగం చాలు, లేదా ఎప్పుడు చేసినా 4 ఏళ్లు. మేజరే గానీ దగ్గరిది కాకపోతే 4 ఏళ్లు. మైనర్ అయ్యి దగ్గరిదైతే గత పదేళ్లలో 5, లేదా ఎప్పుడైనా 6. మైనరూ అయ్యి దగ్గరిదీ కాకపోతే 6.

ఈసీఈలో సిగ్నల్స్, వీఎల్‌ఎస్‌ఐ, మైక్రోప్రాసెసర్స్, డిజిటల్ కమ్యూనికేషన్స్ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కోడ్‌కి కావాల్సిన డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్‌లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ లాంటివి రెండో మూడో. అందుకే మేజర్ అని రాసి కూడా 4 కోశారు. లెటర్లో "కోశాం" అన్న మాట ఎక్కడా కనపడదు. మొదటి ఉద్యోగం మొదలైన తేదీకీ, ఆ లైన్లో ఉన్న నెలకీ మధ్య ఎంత ఉందో చూసుకుంటే తెలుస్తుంది. 20 జూన్ 2015కి నాలుగేళ్లు కలుపు, అదే జూన్ 2019.

ఆవకాయ్_404
అదే ఈసీఈని 263111 నెట్‌వర్క్ ఇంజనీర్ కింద వేస్తే చాలామందికి రెండేళ్లే పోతాయి. సబ్జెక్టులు అటువైపు దగ్గర.

బ్రిస్బేన్_బాబాయ్
@ఆవకాయ్_404 డిగ్రీ దగ్గరే, ఉద్యోగం దగ్గరుండాలిగా. అతను పదేళ్లుగా రాసేది జావా. రౌటర్లు, స్విచ్‌లు, నెట్‌వర్క్ డిజైన్ చూసేవాడైతేనే 263111. డ్యూటీలు కలవకపోతే రెండేళ్లు మిగలడం పక్కనపెట్టు, అసలు అన్‌సూటబులే వస్తుంది.

లూప్‌లో_లింగం
మా ఆఫీసులో వైఫై పోతే నేనే రీస్టార్ట్ చేస్తా. 263111కి సరిపోతానా?

ఆవకాయ్_404
@లూప్‌లో_లింగం వారానికి 20 గంటలు తగ్గకుండా రీస్టార్ట్ చేస్తే ఆలోచిస్తారు.

కృష్ణా_కరకట్ట
ఒక్క మాట. ఏసీఎస్ ఇచ్చేది అభిప్రాయమే, పాయింట్ల మీద ఆఖరి నిర్ణయం వీసాలిచ్చే హోమ్ అఫైర్స్ శాఖది. ఆ లెటర్లోనే ఆ ముక్క ఉంటుంది. ఆంజ్‌స్కోలో (ఉద్యోగాల కోడ్‌ల అధికారిక జాబితాలో) ఈ కోడ్‌కి అడిగేది బ్యాచిలర్స్ డిగ్రీ లేదా ఐదేళ్ల అనుభవం. డిగ్రీ ఉన్నవాడికి మొదటి రోజు నుంచీ స్కిల్ ఉన్నట్టే కదా అని కేస్ ఆఫీసర్‌తో వాదించొచ్చు. కన్సల్టెంట్ చెప్పింది మరీ తలాతోకా లేని మాటేం కాదు.

పారమటా_పిన్ని
@కృష్ణా_కరకట్ట వాదించొచ్చు బాబూ, కానీ ఓడిపోతే ఎవరికి దెబ్బ? పాయింట్ల వీసాల్లో ఒక షరతు ఉంది: కేస్ ఆఫీసర్ లెక్కకట్టిన పాయింట్లు ఇన్విటేషన్ మీదున్న అంకె కంటే తగ్గకూడదు. ఇన్విటేషన్ 85కి వచ్చి, అక్కడ 80 తేలితే, కటాఫ్ 65 కాబట్టి 80 చాలుగా అంటే కుదరదు. రిఫ్యూజే. ఆస్ట్రేలియా డాలర్లలో వేలల్లో కట్టిన వీసా ఫీజు కూడా తిరిగి రాదు. పైగా ఆ తర్వాత ఏ వీసా ఫారం నింపినా "గతంలో రిఫ్యూజ్ అయ్యిందా" అనే ప్రశ్నకి అవునని రాసుకుంటూ పోవాలి. ఆఫీసర్లు స్కిల్ మొదలయ్యే తేదీకి మామూలుగా ఏసీఎస్ మాటే తీసుకుంటారు. అయిదు పాయింట్ల కోసం అంత జూదమా?

కృష్ణా_కరకట్ట
@పారమటా_పిన్ని జూదమే, కాదనను. చట్టం ప్రకారం దారి ఉంది అన్నానంతే, ఆ దారిన పొమ్మనలేదు.

బ్రిస్బేన్_బాబాయ్
ఇక ఈఓఐ. @నల్లకుంట_నేస్తం, స్కిల్‌సెలెక్ట్‌లో (ఈఓఐ పెట్టే ప్రభుత్వ సైట్‌లో) రెండు ఉద్యోగాలకి రెండు ఎంట్రీలు కాదు, మూడు వెయ్యి.

మొదటి కంపెనీ, 20/06/2015 నుంచి 30/06/2019: నామినేట్ చేసిన ఆక్యుపేషన్‌కి సంబంధించిందా అంటే నో.
మొదటి కంపెనీయే, 01/07/2019 నుంచి 30/08/2019: ఎస్.
రెండో కంపెనీ, 02/09/2019 నుంచి: ఎస్. ముగింపు తేదీ ఖాళీగా వదిలెయ్యి.

జూన్ 2019 తర్వాత అన్నారు కాబట్టి జూలై 1 నుంచి లెక్క. జూన్ 21 నుంచి వేసి పది రోజులు లాభం చూసుకునేవాళ్లున్నారు, అనవసరం.

ఆస్ట్రేలియా బయట చేసిన ఉద్యోగానికి 3 ఏళ్లు నిండితే 5 పాయింట్లు, 5 నిండితే 10, 8 నిండితే 15. నీకు ఐదేళ్లు జూలై 2024 మొదట్లోనే నిండాయి, కాబట్టి ఇప్పుడు 10. ఎనిమిది నిండేది జూలై 2027 మొదట్లో. లెటర్‌కి రెండేళ్లే బతుకు, మార్చి 2027లో చచ్చిపోతుంది. అంటే ఆ 15 కోసం ఆగాలంటే మధ్యలో ఇంకోసారి అసెస్‌మెంట్ చేయించాలి.

నల్లకుంట_నేస్తం
@బ్రిస్బేన్_బాబాయ్ ముగింపు తేదీ ఖాళీగా వదిలితే లెటర్ తర్వాత చేసిన నెలలు కూడా కలుస్తాయా? లెటర్లో రెండో కంపెనీ పక్కన 01/25 వరకే అని ఉంది. రిఫరెన్స్ లెటర్ జనవరిలో తీసుకున్నా మరి.

బ్రిస్బేన్_బాబాయ్
కలుస్తాయి. అదే కంపెనీ, అదే పని అయితే సిస్టమే నెలనెలా పెంచుకుంటూ పోతుంది. వీసా వేసేటప్పుడు ఆ మిగతా కాలానికి కొత్త రిఫరెన్స్ లెటర్, పే స్లిప్పులు పెడితే సరి. కంపెనీ మారితే కథ వేరు, కొత్త ఉద్యోగాన్ని ఏసీఎస్ చూడలేదు కాబట్టి దానికి పాయింట్లు కావాలంటే మళ్లీ అసెస్‌మెంట్. పాత ఎంట్రీకి ముగింపు తేదీ వెయ్యడం మర్చిపోయి, కొత్త కంపెనీలో చేరాక కూడా అది పెరుగుతూనే ఉండి, లేని పాయింట్ల మీద ఇన్విటేషన్ తెచ్చుకున్నవాళ్లున్నారు. అప్పుడు చేసేదల్లా ఆ ఇన్విటేషన్ వదిలేసుకోవడమే.

టెస్టర్_తులసి
ఇందులో నాదో అనుమానం. స్పౌజ్ అసెస్‌మెంట్ ఉంటే 10 పాయింట్లు అంటారు కదా, కోడ్ 261314 సాఫ్ట్‌వేర్ టెస్టర్ అయినా ఇస్తారా?

నల్లకుంట_నేస్తం
@టెస్టర్_తులసి నేనూ అదే అడుగుదామనుకున్నా. మా ఆవిడా టెస్టరే, తనకి కూడా ఏసీఎస్ సూటబుల్ వచ్చింది. నాకు 32, నవంబరులో 33 నిండుతాయి. ఐఈఎల్‌టీఎస్ నాలుగింట్లోనూ 8 ఉంది, తనకి నాలుగింట్లోనూ 6 పైనే.

పారమటా_పిన్ని
వీసా బట్టి మారుతుంది. 189కి (రాష్ట్రం స్పాన్సర్ అక్కర్లేని వీసాకి) నీ కోడ్ ఉద్యోగాల దీర్ఘకాల జాబితాలో ఉండాలి. స్పౌజ్ పాయింట్లు 10 రావాలంటే వాళ్ల కోడ్ కూడా అదే జాబితాలో ఉండాలి, వయసు 45 లోపుండాలి, ఇంగ్లీషు నాలుగు విభాగాల్లోనూ 6 ఉండాలి. 261313 దీర్ఘకాల జాబితాలో ఉంది, 261314 స్వల్పకాల జాబితాలో ఉంది. అందుకని 189కి టెస్టర్ స్పౌజ్ ఉంటే 10 రావు, ఇంగ్లీషుకి 5 మాత్రం వస్తాయి. రాష్ట్రం స్పాన్సర్ చేసే 190, 491 వీసాలకి అయితే 10 వస్తాయి.

మీ లెక్క ఇదిగో. వయసు 30, డిగ్రీ 15, అనుభవం 10, ఇంగ్లీషు 20, కలిపి 75.
189కి: 75 + 5 = 80.
190కి: 75 + 10 + రాష్ట్రం ఇచ్చే 5 = 90.
491కి: 75 + 10 + 15 = 100.
నవంబరులో 33 నిండగానే అన్నింట్లోంచీ 5 ఎగిరిపోతాయి, వయసు 30 కాస్తా 25 అవుతుంది. ఇన్విటేషన్ రోజు వయసే లెక్క, కాబట్టి ఆలోగా వస్తే బతికిపోతారు.

189కి ఒక ఈఓఐ, 190కి వేరే ఈఓఐ పెట్టండి. స్పౌజ్ జవాబు రెండింట్లో రెండు రకాలుగా ఉంటుంది మరి. ఒకే ఈఓఐలో రెండు టిక్కులూ పెట్టేసి స్పౌజ్ 10 కూడా క్లెయిమ్ చేస్తే, 189 ఇన్విటేషన్ లేని పాయింట్లతో వస్తుంది.

టెస్టర్_తులసి
అంటే టెస్టర్ ప్రధాన అభ్యర్థి అయితే 189కి దారే లేదా?

పారమటా_పిన్ని
@టెస్టర్_తులసి 261314 మీద లేదమ్మా. సిస్టమ్స్ అడ్మిన్ 262113, డీబీఏ 262111, ఐసీటీ ప్రాజెక్ట్ మేనేజర్ 135112, వీళ్లందరిదీ అదే పరిస్థితి. రాష్ట్రం స్పాన్సర్ చేసే 190, 491 చూసుకోవాలి. అలాగని టెస్టింగ్ చేస్తూ లెటర్లో డెవలపర్ డ్యూటీలు రాయించుకోకండి. ఆటోమేషన్ ఫ్రేమ్‌వర్క్ రాసేవాళ్లది కొంచెం వేరు, పనిలో ఎక్కువ భాగం నిజంగానే కోడ్ డిజైన్ చేసి రాయడం అయితే 261313కి వేసి చూడొచ్చు. టెస్ట్ కేసులు, డిఫెక్ట్ ట్రాకింగ్ ఎక్కువగా ఉంటే వద్దు.

ఆవకాయ్_404
@నల్లకుంట_నేస్తం నాటి (NAATI) సీసీఎల్ అనే దుభాషి పరీక్ష రాయి, తెలుగులో ఉంది. 5 పాయింట్లు. రెండు సంభాషణలు, ఒక్కోటి 45 మార్కులు, మొత్తం 90కి 63 రావాలి, ఒక్కోదాంట్లో 29కి తగ్గకూడదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లోనే రాయొచ్చు. 189కి 85, 190కి 95 అవుతాయి.

లూప్‌లో_లింగం
మనవాళ్లలో సగంమంది అందులో పోయేది తెలుగు వైపే. ఇంగ్లీషు వింటారు, మళ్లీ ఇంగ్లీషే చెబుతారు, చివర్లో "అన్నమాట" తగిలిస్తారు.

మెకానికల్_మస్తాన్
బీటెక్ మెకానికల్, తొమ్మిదేళ్లు ఐటీ. ఏసీఎస్ ఏం చేస్తుంది?

బ్రిస్బేన్_బాబాయ్
@మెకానికల్_మస్తాన్ డిగ్రీలో ఐటీ లేదు కాబట్టి ఆర్‌పీఎల్ (అనుభవాన్నే చదువు కింద లెక్కగట్టే) దారి. ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లకి 6 ఏళ్లు పోతాయి. నీకు మూడేళ్లు మిగిలి, కచ్చితంగా నిండితే 5 పాయింట్లు. రెండు ప్రాజెక్ట్ రిపోర్టులు రాయాలి, ఒకటి గత మూడేళ్లలో చేసినది, ఇంకోటి గత ఐదేళ్లలోది. మీ టీమ్ ఏం చేసిందో కాదు, నువ్వేం చేశావో రాయాలి: ఏ డిజైన్ ఎందుకు ఎంచుకున్నావు, డేటాబేస్ ఎలా పెట్టావు, ఎక్కడ విరిగింది, ఎలా సరిచేశావు. నెట్‌లో అమ్మే శాంపిల్ రిపోర్టుల జోలికి పోకు. అన్నీ సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తారు, కాపీ దొరికితే అన్‌సూటబుల్.

ఇంకోటి, ఆర్‌పీఎల్ లెటర్లో నీ మెకానికల్ డిగ్రీ ఆస్ట్రేలియాలో దేనికి సమానమో ఉండదు. డిగ్రీకి 15 పాయింట్లు కావాలంటే వెటాసెస్ అనే ఇంకో అసెస్‌మెంట్ సంస్థ దగ్గర పాయింట్స్ టెస్ట్ అడ్వైస్ అని విడిగా తీసుకుంటారు. చాలామంది ఈఓఐ వేసేటప్పుడు గుర్తొచ్చి పరిగెడతారు.

నల్లకుంట_నేస్తం
కోత మీద రివ్యూ వేస్తే ఏమైనా లాభముందా? 4ని 2 చేస్తారా?

కృష్ణా_కరకట్ట
నీ కేసులో కష్టం. రివ్యూ అంటే కొత్త కాగితాలు పెట్టడానికి, లేదా కోడ్ మార్చమని అడగడానికి. అప్పీల్ అంటే ఉన్న కాగితాల మీదే తప్పుగా తేల్చారు అని. నీ మార్క్స్ మెమోలో సబ్జెక్టులు మారవు కదా, కొత్తగా పెట్టడానికి ఏముంది? ఎంటెక్ సీఎస్‌ఈ లాంటిది ఇంకేదైనా చేసి, ఏసీఎస్‌కి చూపించకుండా ఉంటే చెప్పు.

నల్లకుంట_నేస్తం
@కృష్ణా_కరకట్ట లేదు, బీటెక్ ఒక్కటే.

వైజాగ్_వెబ్
నాకు లెటర్లో ఒక ఉద్యోగం పక్కన "డాక్యుమెంట్లు చాలవు, అసెస్ చేయలేదు" అని ఉంది. మూడేళ్లు పోయాయి. ఇది రివ్యూకి పనికొస్తుందా?

పారమటా_పిన్ని
@వైజాగ్_వెబ్ పనికొస్తుంది, రివ్యూ ఉన్నదే ఇలాంటివాటికి. గడువు దాటనివ్వకు. "నాట్ సూటబుల్" అని ఉంటే డ్యూటీలు కోడ్‌కి కలవలేదని. "అసెస్ చేయలేదు" అంటే కాగితం బాగోలేదని. రెండోది సరిదిద్దుకోవచ్చు.

ఎక్కడ పోయి ఉంటుందో చూసుకో. మన కంపెనీల హెచ్ఆర్ ఇచ్చే లెటర్లో చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, "నడవడిక సంతృప్తికరం" ఉంటాయి. ఏసీఎస్‌కి నడవడిక అక్కర్లేదు. కావాల్సింది: లెటర్‌హెడ్, మొదలు ముగింపు తేదీలు, ఫుల్ టైమా పార్ట్ టైమా, ఏ దేశంలో చేశావు, ఏం పని చేశావు, సంతకం పెట్టినవాళ్ల పేరు, హోదా, ఫోను, మెయిల్. డ్యూటీలు రాయం అని హెచ్ఆర్ మొండికేస్తే నీ పై అధికారితోనో సీనియర్‌తోనో స్టాంప్ పేపర్ మీద డిక్లరేషన్ రాయించి నోటరీ చేయించు. నీకూ ఆయనకీ ఆఫీసులో ఏ సంబంధం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కలిసి పనిచేశారు అన్నది అందులో ఉండి తీరాలి. నీ అంతట నువ్వే రాసుకున్న అఫిడవిట్ చెల్లదు. దాంతోపాటు హెచ్ఆర్ ఇచ్చిన సర్వీస్ లెటర్ లేదా రిలీవింగ్ లెటర్ జత చెయ్యి.

జీతం అందిందన్న ఆధారం కూడా కావాలి. ఫారం 16, 26ఏఎస్, పే స్లిప్పులు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్. ఒక్కో ఉద్యోగానికీ ఒక్క రకంతో సరిపెట్టకు, రెండు రకాలు పెట్టు.

లూప్‌లో_లింగం
అమీర్‌పేటలో మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ ప్యాకేజీలో పే స్లిప్పులు ఫ్రీ అట.

బ్రిస్బేన్_బాబాయ్
@లూప్‌లో_లింగం జోకుకి బాగానే ఉంది గానీ, కొత్తవాళ్లు చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా. దొంగ కాగితం దొరికితే పీఐసీ 4020 అనే వీసా షరతు కింద రిఫ్యూజ్ చేస్తారు, ఆ పైన మూడేళ్లు ఆ షరతు ఉన్న ఏ వీసా రాదు. కంపెనీకి ఫోన్ చేస్తారు, పీఎఫ్‌తో, ట్యాక్స్‌తో సరిచూస్తారు. పే స్లిప్ ఎవడైనా కొడతాడు, 26ఏఎస్‌లో టీడీఎస్ లైను ఎవడు కొడతాడు?

వైజాగ్_వెబ్
@పారమటా_పిన్ని ఆ మూడేళ్లలో 14 నెలలు అదే కంపెనీ తరఫున లండన్‌లో చేశాను. జీతం ఇండియా పేరోల్ మీదే. లెటర్లో ఒకే లైనుగా వేయించొచ్చా?

పారమటా_పిన్ని
@వైజాగ్_వెబ్ వద్దు, విడదీయించు. ఏసీఎస్ లెటర్లో ప్రతి లైనుకీ దేశం పేరు ఉంటుంది. ఇండియా ఇంత నుంచి ఇంత, యూకే ఇంత నుంచి ఇంత, మళ్లీ ఇండియా అని మూడు ముక్కలుగా రాయించుకో. లండన్‌కి పాయింట్లలో తేడా ఏం లేదు, అదీ బయటి అనుభవమే. కానీ పాస్‌పోర్ట్ స్టాంపులకీ లెటర్‌కీ పొంతన లేకపోతే ప్రశ్నలొస్తాయి. అదే ఆన్‌సైట్ సిడ్నీలో అయితే లెక్కే మారిపోతుంది, ఆస్ట్రేలియా అనుభవానికి ఒక్క ఏడాదికే 5, మూడుకి 10, ఐదుకి 15, ఎనిమిదికి 20. రెండు రకాలూ కలిపినా 20 దాటనివ్వరు.

టెస్టర్_తులసి
టీమ్ లీడ్ అయ్యాక పని సగం మేనేజ్‌మెంటే. అది కూడా లెక్కలోకి వస్తుందా?

ఆవకాయ్_404
@టెస్టర్_తులసి హోదా పేరు కాదు, డ్యూటీలు చూస్తారు. లీడ్ అయినా డిజైన్, కోడ్ రివ్యూ, టెస్ట్ స్ట్రాటజీ ఉంటే పర్లేదు. అప్రైజల్స్, హైరింగ్, బడ్జెట్ అని నింపేస్తే ఆ ముక్క పోతుంది. ఆంజ్‌స్కో పేజీలోంచి డ్యూటీలు అక్షరం మార్చకుండా దించకండి, అది ఇంకో తలనొప్పి. ఏ టూలు, ఏ అప్లికేషను, మీరేం చేశారు అని మీ మాటల్లో పెట్టండి.

వేదిక_కాపరి
కన్సల్టెంట్ పేరు చెప్పమని నేస్తానికి పర్సనల్ మెసేజ్‌లు పంపడం ఆపండి. ఇక్కడ సంస్థల పేర్లు వద్దు. ఏజెంటు ఆస్ట్రేలియాలో రిజిస్టర్ అయ్యాడో లేదో ఓఎంఏఆర్ఏ (వీసా ఏజెంట్ల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ) సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

నల్లకుంట_నేస్తం
రెండు ఈఓఐలూ నేనే వేస్తున్నా, మూడు ఎంట్రీలతో. ఆఖరిది: డిగ్రీ పూర్తయిన తేదీ ఏది వెయ్యాలి? ప్రొవిజనల్‌లో మే 2015, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీద 2016లో ఒక తేదీ ఉంది.

బ్రిస్బేన్_బాబాయ్
ఏసీఎస్ లెటర్లో డిగ్రీ పక్కన ఏ నెల రాశారో అదే. నీ దాంట్లో మే 2015 ఉండుంటుంది, ఓడీ మీదది కాన్వొకేషన్ తేదీ. బ్యాక్‌లాగ్‌లు సప్లీలో కట్టినవాళ్లు చూసుకోవాలి, ఆఖరి సబ్జెక్టు పాసైన నెలే పూర్తయిన నెల అవుతుంది.